వేరే గరిటె

కుసుమ చేతి వంట తిన్నవాళ్ళెవరూ ఆవిడది నరసాపురం అంటే ఒక పట్టాన నమ్మరు. పనసపొట్టు కూర, కందా బచ్చలి, ఆవ పెట్టిన అరటికాయ, దప్పళం, అన్నీ కోనసీమ అగ్రహారంలో పుట్టి పెరిగినదానిలా దించుతుంది. బ్రిస్బేన్ శివారు స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో ఏ తెలుగువాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతమైనా ప్రసాదం కుసుమే చెయ్యాలి. కొత్తగా వచ్చినవాళ్ళు "మీరు వైదికులా ఆంటీ, నియోగులా?" అని అడిగేస్తారు కూడా. కుసుమ నవ్వేసి ఇంకాస్త వడ్డిస్తుంది.

అసలు సంగతి వేరు. వాళ్ళ నాన్నకి చేపల చెరువులు. ఆ ఇంట్లో చేప వండలేదంటే ఎవరికో జ్వరం తగిలిందన్నమాట. ముక్క నోట్లో పెట్టుకుంటే ముల్లు దానంతటదే పెదవి పక్కనుంచి బయటికి రావాలి, కుసుమకి చిన్నప్పుడే అంత నేర్పు. గోదావరి ఒడ్డున ఒక మాటుంది కదా, పుస్తెలమ్మైనా పులస తినాలని. కుసుమ ఆ మాటని తిరగేసింది. పుస్తెల కోసం పులసని వదిలేసింది.

ఆ పుస్తెలు కట్టినవాడు బాలమురళి, కోనసీమ వైదికుల పిల్లాడు. ఇద్దరూ చదువుకోడానికి బ్రిస్బేన్ వచ్చి యూనిలో పరిచయమయ్యారు. మంచివాడు, నెమ్మదస్తుడు, గొంతు పెంచి ఎరగడు. పెళ్ళికి ముందు నది ఒడ్డున బెంచీ మీద కూర్చుని అన్నాడు: "నిన్ను మారమని నేనెప్పుడూ అడగను కుసుమా. కాకపోతే ఇంట్లో ఉండేది ఒకటే పొయ్యి, ఒకటే గరిటె. నువ్వే ఆలోచించుకో."

మారమని అడగనంటూనే అడిగేవాళ్ళతో ఎలా వేగాలో ఆ వయసు పిల్లకేం తెలుస్తుంది? ఆలోచించుకుంది. ముందు ఇంట్లో మానేసింది. తర్వాత ఒకరోజు బయట తినొచ్చి ఇంట్లో మంచినీళ్ళు తాగుతుంటే అతను ఆ గ్లాసు వైపు చూసిన చూపు భరించలేక బయట కూడా మానేసింది. అత్తగారి ముందు 'ఏవండీ, మీరు' అనడం, ఆవిడ అటు వెళ్ళగానే 'మురళీ, నువ్వు' అనడం నేర్చుకున్నంత సులువుగా నేర్చుకోలేదు దీన్ని. మొదటి ఏడాది కలలో కూడా చేపల పులుసు వాసన వచ్చేది.

గరిటె అనేది బాలమురళికి ఒక సిద్ధాంతం. "వెజ్ అని బోర్డు పెడితే సరిపోతుందా? లోపల తిప్పే గరిటె ఒకటేగా" అంటాడు. పార్కులో అందరికీ ఉండే బార్బెక్యూ పొయ్యి మీద మొక్కజొన్న పొత్తు కూడా కాల్చనివ్వడు, పొద్దున్నే ఎవడో దానిమీద సాసేజీలు కాల్చి ఉంటాడని. నలుగురూ వండి తెచ్చుకున్న చోట ఏ గరిటె ఏ గిన్నెలో పడుతోందో కాపలా కాస్తాడు. కుర్రాళ్ళు చాటుగా 'గరిటె మురళి' అంటారు. ఆ మాట చెవినపడినప్పుడల్లా కుసుమకి కొంచెం సిగ్గేసేది, కొంచెం గర్వంగానూ ఉండేది. ఎవరు నవ్వినా మాట మీద నిలబడే మనిషి అనుకునేది.

తన్మయి పుట్టినప్పుడు పురుడు పొయ్యడానికి కుసుమ వాళ్ళమ్మ లీలావతి వచ్చింది. వాళ్ళ వైపు బాలింతకి సొరపుట్టు పెట్టకపోతే పుట్టింటివాళ్ళకి మాట దక్కదు. చిన్న సొరచేపని ఉడకేసి, తోలు తీసి, చిదిపి, అల్లం వెల్లుల్లి పచ్చిమిర్చితో వేయిస్తారు. తింటే పాలు పడతాయి. ఇంగ్లీషు ముక్క రాని లీలావతి చేపల కొట్టుకి వెళ్ళి, ఇక్కడ 'ఫ్లేక్' అని అమ్మేది సొరేనని కంటితో చూసి కనిపెట్టింది. ఊరి నుంచి సూట్‌కేసులో మూకుడూ, పొడుగు కాడ గరిటే తెచ్చుకుంది కూడా. వంటింటి గుమ్మం అవతలే నిలబడి అల్లుణ్ణి అడిగింది.

"మీ వంటింట్లోకి తేను బాబూ. గరాజ్‌లో చిన్న కరెంటు పొయ్యి పెట్టుకుంటాను. మూకుడు వేరు, గరిటె వేరు. పిల్లదానికి పాలు చాలట్లేదు."

"ఇంటి కప్పు ఒకటే కదండీ అత్తయ్యగారూ" అన్నాడు బాలమురళి, ఎంతో మర్యాదగా.

లీలావతి మళ్ళీ అడగలేదు. ఉన్నన్నాళ్ళూ తనూ పప్పూ చారూ తిని, ఆ మూకుడూ గరిటే అట్టపెట్టెలో సర్ది గరాజ్‌లో ఒక మూలకి తోసి వెళ్ళిపోయింది. తన్మయి డబ్బా పాలతో పెరిగింది. కోవిడ్‌లో సరిహద్దులు మూసేసినప్పుడు లీలావతి ఊళ్ళో పోయింది. కుసుమ ఫోన్లో చూసింది. అట్టపెట్టె ఇప్పటికీ ఆ మూలే ఉంది.

కుసుమ చైల్డ్‌కేర్‌లో పనిచేస్తుంది. గుడ్డు పడని పిల్లలకీ, పల్లీ పడని పిల్లలకీ అక్కడ ఊదా రంగు పిడి గరిటెలు వేరేగా ఉంటాయి. వాటిని కడిగి వేరే సొరుగులో పెట్టేటప్పుడు అప్పుడప్పుడూ అమ్మ గుర్తొస్తుంది. ముక్కూ మొహం తెలియని పిల్లలకి వేరే గరిటె దొరికే దేశంలో మా అమ్మకి దొరకలేదే అనుకుని, అంతలోనే ఛ, ఆయన నిష్ఠ ఆయనది అని సర్దుకునేది. సర్దుకోవడంలో కుసుమని మించినవాళ్ళు లేరు.

ఇలా ఉండగా లేక్ పక్కన షాపుల వరసలో, బేకరీ మూతపడ్డ చోట, కొత్తగా షాంఘై రెస్టారెంట్ తెరిచారు. బయట గాజు తలుపు మీద వెదురు బుట్టల బొమ్మ, లోపలినుంచి ఆవిరి. పక్కింటి సాహిత్య చెప్పింది: "అక్కా, వాళ్ళ దగ్గర వెజిటేరియన్ గూస్ అని ఒకటుందట. చూస్తే అచ్చం బాతు మాంసమేనట, కానీ అంతా సోయా పొరలేనట. లోపల పుట్టగొడుగులు పెడతారట." అది విన్న దగ్గర్నుంచీ కుసుమకి మనసు అక్కడే ఉంది. తినకూడనిది తినట్లేదు కదా, దాని వేషం వేసుకున్నది తింటే ఏం పాపం?

ఆదివారం ఆవిడ పుట్టినరోజు. భోజనానికి అక్కడికే వెళ్దామంది.

"షాంఘై వాళ్ళ వంటా? అందులో ఏం కలుస్తుందో మనకి తెలీదు. గరిటె ఒకటే ఉంటుంది" అన్నాడు బాలమురళి.

"అమ్మా, ప్లీజ్, దోశ ప్లేస్‌కి వెళ్దాం. ఇట్స్ యువర్ బర్త్‌డే" అంది తన్మయి. పదో తరగతి పిల్ల, నిన్నటిదాకా దోశ పేరెత్తితే మొహం తిప్పుకున్న పిల్ల.

"నా పుట్టినరోజు కాబట్టే అక్కడికి" అంది కుసుమ. "గరిటె సంగతి నేనే అడుగుతాలే."

తండ్రీ కూతుళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ చూపు కుసుమ చూసింది. పాపం, వీళ్ళు నాకేదో సర్‌ప్రైజ్ పార్టీ పెట్టినట్టున్నారు, నేను పాడుచేశాను అనుకుంది.

లోపల బాలమురళి టోపీ తియ్యలేదు. వంటగదికి వీపు చేసి గోడవారన కూర్చున్నాడు. కుసుమ మెనూ బొమ్మల మీద వేలు పెట్టి, ఇందులో మాంసం ఉందా, చేప ఉందా అని వడ్డించే మనిషిని నాలుగుసార్లు అడిగి మూడు చెప్పింది. సోయా పొరల బాతు, ఉల్లికాడల నూడుల్స్, గోధుమపిండితో చేసే స్పాంజి ముక్కల్లాంటి కూర ఒకటి.

ఆ ముక్కలు ముందొచ్చాయి, చల్లగా. పుట్టగొడుగులు, వేరుశనగపప్పు, నల్లగా తియ్యగా పులుసు పట్టి. కుసుమ ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. "మురళీ, బెల్లం పెట్టిన గుమ్మడికాయ పులుసులా లేదూ? కొంచెం ఇంగువ పడితే మన వంటే." సోయా పొరల బాతు పైన కరకరలాడుతోంది, లోపల మెత్తగా ఉంది. కొరికితే నిజంగానే మాంసం పీచులా విడిపోతోంది. ఆవిడకి ఒళ్ళు జల్లుమంది. ఇన్నేళ్ళకి పళ్ళ కింద ఆ పీచు తగిలింది. మరొకటి తీసుకుంది, ఇంకొకటి. తను ఎంత ఆకలితో ఉందో అప్పుడు తెలిసింది.

నూడుల్స్ వచ్చాయి. బాలమురళి చాప్‌స్టిక్ పుల్లలు రెండూ తీసుకుని అడుగునుంచి ఎత్తి, తిప్పి, గిన్నె అడుగున ఉన్న ఉల్లికాడల నూనె అంతా పట్టేలా చకచకా కలిపేశాడు. తన్మయి చిన్న పళ్ళెంలో అల్లం తురుము వేసి, దానిమీద నల్లటి వెనిగర్ పోసి, అడక్కుండానే తండ్రి ముందుకి జరిపింది.

"ఎక్కడ నేర్చుకున్నారే ఇదంతా?" అంది కుసుమ నవ్వుతూ.

"యూట్యూబ్" అంది తన్మయి, తలెత్తకుండా.

అప్పుడొచ్చింది వంటగదిలోంచి యజమానురాలు. అరవై దాటిన పొట్టి మనిషి, చేతిలో రెండు పళ్ళేలు. టోపీ కిందనుంచి ఒక్కసారి వంగి చూసి మొహమంతా విప్పార్చింది.

"మిస్టర్ బాలా, మీరేనని నేను అనుకుంటూనే ఉన్నాను. కానీ ఇవాళ శనివారం కాదే" అంది ఇంగ్లీషులో. ఒక పళ్ళెం అతని ముందు పెట్టింది. ఎర్రగా నిగనిగలాడుతున్న పంది మాంసం ముక్కలు. రెండో పళ్ళెం తన్మయి ముందు పెట్టింది. మాంసం కూరిన కుడుములు, ఆవిరి కక్కుతూ. "ఆర్డర్ చెయ్యకపోతే ఏం, మీరు తినేవి నాకు తెలీదా? సన్నీబ్యాంక్‌లో చిన్న కొట్టు ఉన్నప్పుడు ఎన్ని శనివారాలు వచ్చారు. కొత్త కొట్టులో ఇది నా తరఫున."

కుసుమ చేతిలో పుల్లలు అలాగే ఉన్నాయి. శనివారం అంటే సన్నీబ్యాంక్‌లో తన్మయి వయొలిన్ క్లాసు. శనివారం అంటే వెంకన్న పేరు చెప్పి కుసుమ ఒంటిపూట ఉండే రోజు. పొద్దున్నే లేచి వాళ్ళిద్దరికీ పులిహోరో దద్దోజనమో డబ్బా కట్టి పంపే రోజు. సాయంత్రం డబ్బా ఖాళీగా వచ్చేది. పిల్లకి మాత్రం రాత్రికి ఆకలుండేది కాదు. ఎందుకుండదోనని డాక్టరుకి చూపించింది కూడా.

మిసెస్ షెన్, ఆవిడ పేరు అదే, అప్పుడు చూసింది కుసుమని. వెంటనే పంది మాంసం పళ్ళెం చేత్తో కప్పేసి, వెనక్కి లాక్కుంది.

"అయ్యో, మీరే కదా మిసెస్ బాలా. క్షమించాలి. నాకు తెలుసు, మీరు చాలా నిష్ఠ. పూజారుల కుటుంబం, వాసన కూడా పడదు. మీ ఆయన అంతా చెప్పారు. ఆయనేం చేస్తారు పాపం, ఇంట్లో మీ నియమం మీది. నేనెన్నిసార్లు అన్నానో, మీ వైఫ్‌ని కూడా తీసుకురండి, వేరే పెనం మీద వండుతాను అని." తర్వాత ఆవిడ రెండు చేతులూ గుండె మీద పెట్టుకుంది. "ఆ పసుపు అన్నం మీరే చేస్తారట కదా. శనివారం మీ డబ్బా కోసం మా అత్తగారు ఎదురుచూసేది."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడట్లేదనుకుంటుందట. ఈ పిల్లి కళ్ళు మూసుకోవడమే కాదు, ఇంట్లో పాలు ముట్టనివ్వనిది పెళ్ళామే అని ఊరంతా చెప్పి పెట్టింది. పంది మాంసం తిన్నందుకు కాదు కుసుమ కడుపు మండింది. తింటే తిన్నాడు, నాలుకన్నాక లాగుతుంది. నా పేరు మీదా? నరసాపురం చేపల చెరువు గట్టు మీద పెరిగిన నేను పూజారుల కుటుంబమా?

"తన్మయీ" అంది. "ఎప్పట్నించి?"

"ఐదో తరగతి, ఇయర్ ఫైవ్ ఆర్ సంథింగ్" అంది పిల్ల, గొణుగుతూ. "ఇట్ వజ్ జస్ట్ అవర్ థింగ్ అమ్మా, నేనూ నాన్నా. నీకు తెలిస్తే బాధపడతావన్నాడు. యు ఆర్ సో స్ట్రిక్ట్ అబౌట్ ఇట్."

కూతురు కూడా నమ్మింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అంటారు కదా, కుసుమ నానబోసింది ఒక ఏడాదీ రెండేళ్ళూ కాదు. కన్నకూతురి దృష్టిలో ఈ ఇంట్లో చేప వండనివ్వని రాక్షసి తనే.

"మిసెస్ షెన్, నేను నిష్ఠ మనిషిని కాను" అంది కుసుమ ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటా విడదీసి. "మా నాన్నకి చేపల చెరువులు. పూజారుల కుటుంబం ఆయనది. ఆయన కోసం నేను మానేశాను."

మిసెస్ షెన్ మర్యాదగా నవ్వింది. అర్థం కాలేదు. అర్థం కోసం బాలమురళి వైపు చూసింది.

"చెప్పు మురళీ, ఆవిడకి చెప్పు" అంది కుసుమ.

బాలమురళి మెనూ కార్డు అంచు సరిచేస్తున్నాడు. "ఇప్పుడెందుకు కుసుమా ఇవన్నీ. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం. అందరూ చూస్తున్నారు."

ఒక్క మాట చాలు. 'అవును, నా కోసమే మానేసింది' అని ఒక్క మాట అంటే కుసుమ ఆ పంది మాంసాన్ని కూడా సర్దుకునేదే, సర్దుకోవడం అలవాటైన ప్రాణం. ఆ ఒక్కటీ అతని నోరు దాటలేదు. కుసుమ మెనూ లాక్కుని, చేప బొమ్మ మీద వేలు పెట్టింది.

"ఇది తెండి."

"అమ్మా, డోంట్" అంది తన్మయి.

వచ్చింది. నూనెలో వేయించి తియ్యటి సోయా పులుసులో ముంచిన చేప ముక్కలు, చల్లగా, ముదురు గోధుమ రంగులో మెరుస్తూ. కుసుమ పుల్లలు పక్కన పెట్టింది. చేత్తో ఒక ముక్క అందుకుంది. చూడగానే ముల్లు ఎక్కడుందో వేళ్ళకి తెలిసిపోయింది. బొటనవేలితో నొక్కి, ఒక్క లాగులో ముల్లు మొత్తం తీసి పళ్ళెం అంచున పెట్టింది. మిసెస్ షెన్ కనుబొమ్మలు పైకి లేచాయి. చూడు, బాగా చూడు, పూజారి ఆడపడుచు ముల్లు తీస్తుందేమో అనుకుంది కుసుమ. ముక్క నోట్లో పెట్టుకుంది.

ముందు తీపి తగిలింది. ఏదో మసాలా దినుసు ఘాటు. ఆ తర్వాత అడుగునుంచి చేప వచ్చింది. నాలుక మీద అమ్మ వంటిల్లు రావాల్సిన చోట కడుపులోంచి వికారం లేచింది. మింగుదామని చూసింది. ముక్క లోపలికి దిగలేదు. కళ్ళనీళ్ళు తిరుగుతుండగా మళ్ళీ ప్రయత్నించింది, అమ్మ మొహం గుర్తుచేసుకుని మరీ ప్రయత్నించింది. ఒళ్ళంతా ఎదురుతిరిగింది. కాగితపు రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని కక్కేసింది.

అతను నటించిందంతా ఆవిడకి ఒంటికి పట్టేసింది. ఇక తినమన్నా తినలేదు.

మిసెస్ షెన్ గబగబా వచ్చి వీపు నిమిరింది. "వద్దు, వద్దు, బలవంతం చెయ్యకండి. ఆయన కోసం మీరు ఇంత కష్టపడక్కర్లేదు. దేవుడు ఏమీ అనుకోడులెండి." చేప పళ్ళెం తీసేస్తూ బాలమురళి వైపు తిరిగి గొంతు తగ్గించి అంది: "మీరు చెప్పింది నిజమే. పాపం."

బాలమురళి తలూపాడు. ఎవరికీ కనిపించనంత చిన్నగానే ఊపాడు, కుసుమకి కనిపించింది.

మిసెస్ షెన్ లోపలికి వెళ్ళి ఏదో పట్టుకొచ్చింది. కొత్త స్టీలు గరిటె. కాడకి ఎర్ర దారం కట్టి ఉంది, ధర చీటీ కూడా ఇంకా ఊడలేదు. "ఇది చూడండి. మీకు గరిటె ముఖ్యమని ఆయన ఎప్పుడో చెప్పారు. మనం ఒకే పేటలోకి వచ్చాం కదా, ఎప్పటికైనా వస్తారని కొని పెట్టాను. ఇది మీ ఒక్కరికే. దీంతో మాంసం ముట్టుకోం. ఇంతమాత్రం చెయ్యలేమా?"

కుసుమ ఆ గరిటె చేతిలోకి తీసుకుంది. పొడుగు కాడ. గరాజ్‌లో అట్టపెట్టెలో ఉన్నది కూడా ఇంతే ఉంటుంది. తర్వాత మొగుడి వైపు తిరిగింది. అత్తగారు పక్కన లేనప్పుడు అతన్ని ఆవిడ ఎన్నడూ అలా పిలవలేదు.

"ఏవండీ" అంది. "మా అమ్మ అడిగింది కూడా ఇదే కదండీ. మీరెందుకు ఇవ్వలేదు?"

"అమ్మమ్మా?" అంది తన్మయి. "అమ్మమ్మ ఏం అడిగింది? నాన్నా, వాట్ డిడ్ షి ఆస్క్?"

బాలమురళి టోపీ ఇంకొంచెం కిందకి లాక్కుని, బిల్లు తెమ్మని కౌంటరు వైపు చెయ్యెత్తాడు.